గడప దాటకుండా తొక్కిన చలికాలం

చలికాలం సైకిలు పందాల్లో ఆఖరిది ఈ ఆదివారం. మా క్లబ్బు జట్టులో ఒక్క చోటు ఖాళీగా ఉంది. అదెవరికివ్వాలో తేల్చడానికి కెప్టెన్ టీ కొట్టుకొచ్చి కూర్చున్నాడు. ఎక్స్‌ప్రెస్ బావ ఆ చోటు మీద కన్నేసి చాన్నాళ్ళయింది. చేతిలో గ్లాసు అలాగే ఉంచుకుని అందుకున్నాడు.

"మొదటి పందెంలో అందరూ పులులేనర్రా. చలి ముదిరాక దుప్పట్లోంచి కాలు బయటపెట్టేవాడేడీ? దమ్ము నిలబెట్టుకోవాలి, దమ్ము! అందుకని నేనేం చేశానూ, పడగ్గదిలో మంచం గోడకి జరిపి, రోలర్లు పరిచి, వాటిమీద సైకిలెక్కాను. చక్రాలు తిరుగుతుంటాయి, మనం ఉన్నచోటే ఉంటాం. రోజుకో అరగంట. అంతే, ఎక్కువ చెప్పను."

"అరగంటకి దమ్మేం వస్తుంది బావా?" అన్నాడు సైకిలు మెకానిక్కు.

"ఆగవయ్యా! వారం తిరిగాక దిగుదామంటే కాళ్ళు వింటేగా! టిఫిను సైకిలు మీదే, గడ్డం గీసుకోడం సైకిలు మీదే, ఆఫీసు ఫోన్లూ దానిమీదే. మీ చెల్లెలు నా చుట్టూ తిరిగి గది ఊడ్చుకునేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోలర్లు వేడెక్కిపోయాయి. బిల్డింగులో వాళ్ళంతా తడిబట్టలు తెచ్చి మా గదిలో ఆరేసుకున్నారు. నా మెడకి కూడా ఎవరి పిల్లాడి నిక్కరో తగిలించి పోయారు!"

"మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవని ఊరికే అన్లేదు," అన్నాడు మెకానిక్కు.

"గడప దాటకుండా తొక్కాననేగా నేను మొత్తుకుంటోంది! ఒకరోజు మంచి ఊపు మీదుండి, కిటికీలోంచి చూద్దును కదా, ఎదురింటి బాల్కనీ వెనక్కి పోతోంది. ఇదేంటబ్బా అనుకున్నాను. తీరా చూస్తే కదిలేది అది కాదు, మా బిల్డింగు! నాలుగంతస్తులూ, నీళ్ళ ట్యాంకుతో సహా వీధి మలుపుదాకా పోయాం. వెనకాల పోస్ట్‌మాన్ సంచి పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు, 'సార్, సంతకం, సంతకం' అంటూ."

నవ్వలేక మాకు కడుపు నొప్పొచ్చింది. టీ పోసేవాడు గ్లాసు నిండిపోయినా పోస్తూనే ఉన్నాడు.

"మరి వెనక్కెలా తెచ్చావు?"

"వెనక్కి తొక్కాను! అంగుళం తేడా రాలేదు. పై అంతస్తు తాతగారికి మెలకువైనా రాలేదు."

కెప్టెన్ నవ్వు ఆపుకున్నాడు. "ఆదివారం ఎదురుగాలి కొడుతుంది బావా. నాలుగ్గంటలు తొక్కాలి. నిజం చెప్పు, ఉందా దమ్ము?"

"నన్నా అడిగేది? ఈ ఏడు చలి అంత తొందరగా ఎందుకు తగ్గిందనుకున్నారు? మళ్ళీ బిల్డింగు కదిలితే గొడవని దాన్ని ఇనప కమ్మీలతో బిగించి తొక్కాను. అది కదల్లేకపోయింది, దాని బదులు కింద భూమి తిరిగింది! పొద్దు ఇలా పొడవడం, అలా కుంకడం. క్యాలెండరు కాగితాలు చింపలేక మీ చెల్లెలు విసుక్కుంది. పోనీలే పాపమని నేనే కాస్త నెమ్మదించాను."

బావ గది కిందే టైలరు కొట్టు. ఆ టైలరు మూల బల్ల మీద కూర్చుని అప్పటిదాకా అన్నీ వింటున్నాడు.

"తొక్కుడు మాత్రం నిజమే కెప్టెన్ గారూ. చలికాలమంతా ఒక్కరోజూ మానకుండా నా నెత్తిమీద రోలర్ల చప్పుడే. రోజూ రెండేసి గంటలు."

"చెప్పండి, చెప్పండి! పెద్దమనిషంటే ఈయనే!" బావ మొహం వెలిగిపోయింది.

"నాకు అంతుపట్టందల్లా ఒక్కటే. ఆ రెండు గంటలూ నువ్వు నా కొట్లో స్టూలు మీద కూర్చుని ఈ కబుర్లే చెప్పేవాడివి. మరి పైన తొక్కిందెవరు?"

బావ ఇంట్లో ఉండేది ఇద్దరే. మెకానిక్కు ఒక వేలు ముడిచాడు, రెండో వేలు ముడవబోయి నోరు తెరిచేశాడు.

కెప్టెన్ లేచాడు. "చెల్లెమ్మకి చెప్పు బావా, ఆదివారం జట్టులో తనే. నువ్వు వెనక జీపులో కూర్చుని నీళ్ళందించు."

బావ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

"నన్ను జీపెక్కనివ్వదు కెప్టెన్."

"ఏం?"

"నేను సరదాకి కొట్లోకి దిగాననుకున్నారా? 'మీ కోతలు వింటుంటే నవ్వొచ్చి ఊపిరాడట్లేదు, నా తొక్కుడు అయ్యేదాకా కిందకి పొండి' అని రోజూ తనే తరిమేది."