గోదావరి పారిన పట్ట

కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కజొన్న గింజల కుప్ప పక్కన కూర్చుని కూర్చుని లీలావతి నడుము పడిపోయింది. తూకానికి కాంటా వంతు ఇంకా రాలేదు. మబ్బు మాత్రం ఎవరి వంతూ చూడకుండా వచ్చేసింది. చుట్టూ అందరూ కుప్పల మీద టార్పాలిన్ పట్టలు కప్పుకుంటున్నారు. పట్ట ట్రాక్టర్‌లో వేశావా అని పొద్దున అడిగితే, ఆమె మొగుడు భూపాల్ వేశానన్నాడు. ట్రాక్టర్‌లో చూస్తే ఖాళీ గోనెసంచులే ఉన్నాయి. ఆ పెద్దమనిషేమో పెంటమ్మ చాయ హోటల్ ముందు నోరు తెరిచి కూర్చున్నాడు. ఆమె మోకాళ్లు పట్టుకుని లేచి అటు నడిచింది.

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు," అంటున్నాడు భూపాల్. అంటే మొదలైందన్నమాట. "మనుమరాలు సాయిప్రియ ఫోన్ చేతులవెట్టి, తాతా, నువ్వు గూడ వీడియోలు చెయ్యి అన్నది. సరేనని ప్రోగ్రామింగ్ చెప్పిన. ఏమున్నది అండ్ల? కరెంటుంటే మోటరెయ్యి, లేకుంటే పండుకో. కంప్యూటర్‌కు గూడ గట్లనే చెప్పాలె. ఆ వీడియో చూసి మొగుళ్లపల్లి పోరగాండ్లంత పాసయిండ్రు!"

"మంచిదే గద తాతా," అన్నాడు వేరే రైతు ట్రాక్టర్ నడిపే నిరంజన్, ఆవులించుకుంటూ.

ఆ వీడియో చూసినవాళ్లలో లీలావతి ఒకతె. మిగిలినవాళ్లు వేళ్ల మీద లెక్కకొస్తారు.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? గేములకు దిగిన. తుపాకుల ఆట. నేను దిగంగనే అవతలోళ్లు తుపాకులు కిందవడేసి, తాతా, నీతోని మాతోటి కాదు అన్నరు. ఒక్క తూటా పేల్చకుంట గెలిచిన! జపానోళ్లు ఫోన్ చేసి, మా ఆట మూతవడ్తది, జర ఓడిపో తాతా అని బతిలాడిండ్రు."

"ఏ భాషల?" అంది పెంటమ్మ చాయ వడపోస్తూ.

"తెలుగుల. నా వీడియోలు చూసి నేర్చుకున్నరు!"

ఉరిమింది. "ఇగో, పట్ట ఏడున్నది?" అంది లీలావతి.

"ఆగు లీలా, అసలు ముచ్చట గిప్పుడే ఉన్నది. ఎనుక ఆకుపచ్చ గుడ్డ కడితే, వీడియోల ఆ పచ్చను తీసేసి ఏ జాగ కావాల్నంటే ఆ జాగ పెట్టుకోవచ్చు. నేను కాళేశ్వరం గోదావరిని వెట్టిన. నీళ్లు ఫోన్లకెల్లి బయటికొచ్చినయ్! వాడకట్టు ఆడోళ్లు బిందెలు వట్టుకొని ఉరికొచ్చిండ్రు. నిన్న చందమామను వెట్టిన. ఇగ చూడు, ఆకాశంల చందమామ లేడు, మా ఇంట్ల అర్రలున్నడు!"

"నిన్న అమాస తాతా," అన్నాడు నిరంజన్.

"అమాస ఎందుకయ్యిందనుకుంటున్నవ్ మరి?"

అందరూ నవ్వారు. లీలావతి నవ్వలేదు. ఆమె మెల్లగా అడిగింది:

"గంత గోదావరి పట్టే పచ్చగుడ్డ నీకు ఏడ దొరికింది?"

చాయ గ్లాసు భూపాల్ మూతి దాకా వెళ్లి ఆగిపోయింది.

"మనింట్ల గంత పెద్ద పచ్చది ఒక్కటే ఉన్నది," అందామె.

"అర్రల... గోడకు మొలలు కొట్టిన. పొద్దున ఇప్పుదామనుకున్న. ఇప్పిన్నే అనుకున్న, లీలా."

హోటల్ రేకుల మీద మొదటి చినుకులు టపటపమన్నాయి.

"గోదావరిని తెస్తివి, చందమామను తెస్తివి," అంది లీలావతి. తిట్టడానికి కూడా ఓపిక లేని గొంతు. "ఇగ ఆ పట్టనొక్కటి తే. మక్కలు మొలకలొస్తే కొనేటోడుండడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిరంజన్ చాయ సగంలో వదిలేసి, ఎవరి మొహమూ చూడకుండా తన ట్రాలీ మీది పట్ట విప్పుకొచ్చాడు. పాతది. మూడు కొసలకే తాళ్లున్నాయి. వాటిని పక్కనున్న నిండు బస్తాలకు కట్టారు. నాలుగోది గాలికి లేచి మక్కలను తెరిచి చూపిస్తోంది. భూపాల్ వెళ్లి ఆ కొసను రెండు చేతులతో గుంజి పట్టుకున్నాడు. తలకు చుట్టిన రుమాలు తడిసి చెవుల మీదికి జారింది. వాన తగ్గలేదు. ఇంతసేపు మాట్లాడకుండా ఉన్న మొగుణ్ని లీలావతి పెళ్లయ్యాక చూడలేదు.

అది కూడా ఎంతోసేపు కాదు.

"లీలా, గిదే గనక వీడియో తీస్తే..."

"కొస ఇడువకు," అందామె.