ఆరోగ్యమ్మత్త కాచిన నూనె

ఏందమ్మా జాయిస్, వంటింట్లో ఏం కాస్తున్నావ్, వాసన ఇక్కడిదాకా వచ్చింది? నువ్వులనూనెలో వేపాకా. ఆహా. మొహానిక్కాదు, కాళ్ళకంటావా. మంచిదే. ఫోన్లో చూసి చేస్తే చేశావుగానీ మంట తగ్గించు. ఆకు మాడకూడదు, మాడితే నూనె చేదెక్కి చర్మాన్ని పీకుద్ది అనేది మా ఆరోగ్యమ్మత్త. నువ్వు చూళ్ళేదులే. మా నాన్నకి అక్క, నాకు మేనత్త. చిల్లకల్లు అవతల మా పేటలో ఉండేది. పేటలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా నీళ్ళు పోయడానికి ఆమె రావాల్సిందే. మీ నాన్నకి పోసింది కూడా ఆమే. గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని ఆముదం రాసేదా, ఇంక ఎంత ఏడ్చే బిడ్డయినా సరే కాసేపటికి మూలగడం మానేసి అట్టా మత్తుగా పడి ఉండేది. నలుగుపిండి కూడా ఆమే విసిరేది. పెసలు, కాసిని బియ్యం, నీడనెండబెట్టిన గులాబీ రేకులు, కచ్చూరాలు, కొమ్ముపసుపు. పసిబిడ్డలకైతే ఇయ్యేమీ లేవు, ఒట్టి పెసరపిండి, పాలమీగడ, అంతే. మీ నాయనమ్మ అడిగింది ఒకసారి, కాస్త గులాబీరేకు వెయ్యండి అత్తయ్యా, వాసనొస్తది అని. ఈమేమందో తెలుసా? "బిడ్డకి బిడ్డ వాసన ఉండనీయవే, దాన్ని కూడా కడిగేస్తారా" అంది. అట్టా ఉండేది మాట. పిల్లలు లేరు ఆమెకి. ఉంటే ఊరందరి పిల్లలకీ ఇట్టా చేసేది కాదేమోనని అనేవాళ్ళు. అదేం మాటో. చేసేవాళ్ళు ఎట్టాగైనా చేస్తారు.

ఇహ మావయ్య. ఇశ్రాయేలు ఆయన పేరు. జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. మనిషి ఇంత ఎత్తు, మాట మాత్రం వినపడేది కాదు. నేను అప్పుడు చందర్లపాడు స్కూల్లో పని చేస్తున్నా, శనివారం బస్సెక్కి పేటకి పోయేవాణ్ణి. ఒక సాయంత్రం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. మావయ్య బీడీ తాగుతున్నాడు. అత్త బియ్యం చెరుగుతా చెరుగుతా ఆపి, "ఏందో కాల్తున్న వాసన" అంది. పొయ్యి చూసింది, ఏమీ లేదు. మళ్ళీ వచ్చి ఆయన చేతికేసి చూసింది. బీడీ ఎప్పుడో అయిపోయింది, నిప్పు వేళ్ళ మధ్య చర్మానికి అంటుకుని కాలుతా ఉంది. ఆయన నాతో వానల సంగతి మాట్లాడుతున్నాడమ్మా. ఏమీ తెలీనట్టు. అత్త ఆ బీడీ తీసి అవతల పారేసి, ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లింది. "తెలుస్తందా" అంది. ఆయన నవ్వాడు. "ఎక్కడ గిల్లావ్" అన్నాడు. ఆ నవ్వు నాకిప్పటికీ... సరేలే.

అప్పట్లో ఇట్టా స్పర్శ పోయే జబ్బుకి మందులిచ్చే గవర్నమెంటాయన ఒకాయన సైకిలేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఆయనొచ్చి చూశాడు. వీపు మీద తెల్లగా, పైసాకాసంత మచ్చ ఉంది, ఎన్నాళ్ళనుంచి ఉందో ఎవరూ పట్టించుకోలా. కుష్టు అన్నాడు. మొహమాటం లేకుండా చెప్పాడు, మంచిగానే చెప్పాడు. బిళ్ళలు మింగితే తగ్గిపోద్ది, మొదలెట్టాక ఇంకొకళ్ళకి అంటదు, కలిసి తినండి, కలిసి పడుకోండి, భయం లేదన్నాడు. కాకపోతే పోయిన స్పర్శ మాత్రం రాదు. ముల్లు దిగినా తెలీదు, నిప్పు మీద కాలేసినా తెలీదు, ఆ పుండ్లతోనే వేళ్ళు పోతాయి, అందుకని రోజూ నీళ్ళల్లో నానబెట్టి నూనె రాయండి, చర్మం ఎండి పగలనీయకండి అన్నాడు. అత్త అంతా విని ఒకటే అడిగింది. "ఏ నూనైనా పర్లేదా బాబూ?" ఏదైనా పర్లేదమ్మా అన్నాడాయన. అంతే, ఇంకేం అడగలా.

సంగతి పేటంతా తెలిసిపోయింది. దాచే మనిషి కూడా కాదుగా ఆమె. ఇంక నీళ్ళుపోయడానికి ఎవరూ పిలవలా. తిట్టారా అంటే తిట్టలా. "మా అమ్మొచ్చింది పిన్నీ, ఆమె పోస్తానంటంది" అనేవాళ్ళు. "బిడ్డకి జలుబు చేసిందొదినా, తర్వాత చూద్దాం" అనేవాళ్ళు. అంతకుముందు పిండి పట్టుకెళ్ళినోళ్ళు కూడా ఆ గిన్నె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేసి పోయారు, పిండి పిండిలాగే ఉంది అందులో. తర్వాత రత్నబాబు వచ్చాడు. సంఘపెద్ద. చెడ్డోడు కాదు, వానాకాలంలో అందరి కప్పులూ కప్పించినోడే. బయటే నిలబడి, కండువా ఇట్టా నలుపుకుంటా, "ఇశ్రాయేలన్నా, తప్పుగా అనుకోమాక. ప్రభువు బల్ల రోజు అందరం ద్రాక్షరసం ఒకే గిన్నెలో తీసుకుంటాం గదా. ఆడోళ్ళు భయపడతన్నారు. కొన్నాళ్ళు చర్చి వరండాలో కూర్చుంటే... వాక్యం అక్కడికీ వినపడతది" అన్నాడు. మావయ్య సరే తమ్ముడూ అన్నాడు. అత్త మాత్రం ఆదివారం రోజు చాప చంకనబెట్టుకుని పోయి, వరండాలో ఆయన పక్కనే వేసుకుని కూర్చుంది. లోపల్నుంచి ఆడోళ్ళు "నువ్వు రావచ్చొదినా, నిన్నెవరేమన్నారు" అని పిలిచారు. "ఇక్కడ గాలొస్తంది" అంది. నేను పోయినప్పుడు నేనూ ఆ చాప మీదే కూర్చునేవాణ్ణి. వానజల్లు కొట్టేది. అత్త కదిలేది కాదు.

బిడ్డలకి చేసే చాకిరంతా ఆయనకి చేసిందమ్మా ఇంక. పొద్దున్నే పెద్ద బేసిన్లో నీళ్ళు పోసేది. ముందు తన మోచెయ్యి ముంచి చూసుకునేది, వేడి ఉంటే ఆయనకి తెలీదు గదా. కాళ్ళూ చేతులూ నాననిచ్చి, గట్టిపడ్డ తోలుని నున్నటి రాయితో మెల్లిగా రుద్దేది. తర్వాత ఈ నూనే. నువ్వులనూనెలో వేపాకేసి సన్నటి సెగ మీద కాచి, వడగట్టి, తేనెమైనం కాస్త కరిగించి కలిపేది. చల్లారితే వెన్నలాగా అయ్యేది. ఒక్కొక్క వేలూ విడదీసి, సందుల్లో చూసి, రాసేది. వారం వారం నేను చూసేవాణ్ణి, పగుళ్ళు పూడుకుంటా వచ్చినాయి. ఒక్క వేలు కూడా పోలేదు ఆయనకి. ఒకసారి మావయ్యన్నాడు, "నువ్వు రాస్తన్నావని చూస్తే తెలుస్తంది. కళ్ళు మూసుకుంటే నువ్వు లేవు ఆరోగ్యం" అని. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఏం చేసిందంటే, రాసినంతసేపూ మాట్లాడటం మొదలెట్టింది. ఎప్పుడూ మాట్లాడే మనిషే, కానీ ఇది వేరే. "ఇప్పుడు బొటనేలు మీదున్నా. ఇప్పుడు మడమ దగ్గరికొచ్చా" అని. ఆయన కళ్ళు మూసుకుని ఊ కొట్టేవాడు.

ఆ తర్వాత కొత్త పాస్టరుగారు వచ్చారు, స్తెఫనుగారని. కుర్రాడు. భార్య ఫ్లోరెన్సమ్మగారు. తొలికాన్పు అయింది. వాళ్ళమ్మ లేదు, అత్తగారు లేదు. ఎవరో చెప్పారట, ఇట్టా ఆరోగ్యమ్మని ఉంది, ఆమె హస్తవాసి వేరు అని. జబ్బు సంగతీ చెప్పారట. ఆ పిల్ల మాత్రం "అంటదని మందులాయన చెప్పాడుగా, మరింకేంటి" అని కబురంపింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నా. అత్త మొహం చూశా. ఎన్నాళ్ళయిందో బిడ్డని ముట్టుకుని. చేతులు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, లేచి గుమ్మందాకా పోయింది. పోయి ఆగింది. వచ్చిన మనిషితో, "అమ్మగారికి వందనాలని చెప్పు. నా చేతులు కావాలంటున్నారు, సంతోషం. ఈ చేతుల్తోనే రోజూ ఆయన్ని ముట్టుకుంటన్నా. ఆయన వరండాలో ఉండి నేను లోపలికెట్టా వస్తానమ్మా? రాలేనని చెప్పు" అంది. లోపలికొచ్చి కూర్చుంది. మావయ్య కోప్పడ్డాడు, ఆయన కోప్పడటం నేను అప్పుడే చూశా. "పసిబిడ్డ మీదా నీ పంతం? పో, నీళ్ళు పోసి రా" అన్నాడు. "పంతం కాదు. నన్ను రెండు ముక్కలు చెయ్యమాకండి, మీరు కూడా" అంది.

మర్నాడు ఎండెక్కేలోపే ఆ ఫ్లోరెన్సమ్మగారు తనే వచ్చిందమ్మా. బాలింతరాలు, చెవులకి గుడ్డ కట్టుకుని, బిడ్డని పొత్తిళ్ళల్లో పెట్టుకుని, పేట మధ్యలోంచి నడిచొచ్చింది. పక్కన పాస్టరుగారు నీళ్ళకాగు మోసుకుంటా. జనమంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వచ్చి, మావయ్య ముందు నిలబడి, "తాతగారూ, మీరు పట్టుకోండి, అమ్మమ్మగారు నూనె రాస్తారు" అని బిడ్డని చాపింది. మావయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. గోడకి అతుక్కుపోయాడు. "వద్దమ్మా, వద్దు. జబ్బుక్కాదు. నా చేతులకి తెలీదు తల్లీ. ఎంత గట్టిగా పట్టుకున్నానో తెలీదు, జారిపోతున్నా తెలీదు" అన్నాడు. అప్పుడు అత్త లేచి, ఆయన్ని కింద కూర్చోబెట్టి, మోకాళ్ళ పైన పంచె సర్ది, బిడ్డని తొడల మీద పడుకోబెట్టింది. అక్కడ స్పర్శ ఉంది ఆయనకి. తను ఎదురుగా కూర్చుని ఆముదం రాయడం మొదలెట్టింది. బిడ్డ కాళ్ళు తన్నింది. మావయ్య కిందకి చూసి, "వెచ్చగా ఉంది" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకొకసారి అన్నాడు, "ఆరోగ్యం, వెచ్చగా ఉంది." అందరూ చూస్తున్నారని కూడా లేదు, ధారగా కారిపోతున్నాయి కళ్ళు.

ఆ ఆదివారం పాస్టరుగారు వచ్చి చాప తనే ఎత్తుకుని లోపల వేశారు. కొన్ని ఇళ్ళవాళ్ళు నందిగామలో వేరే సంఘానికి పోయారు, నిజం చెప్పాలి గదా. రత్నబాబు పోలా. మావయ్య ప్రభువు బల్ల గిన్నె మాత్రం అందరూ తీసుకున్నాక ఆఖర్న తీసుకునేవాడు, ఎవరూ చెప్పకుండానే. బతికినన్నాళ్ళూ అట్టానే. దానికి అత్త, ఆయన ఇష్టం అంది. నీళ్ళుపోయడానికి మళ్ళీ పిలిచారు, ఒక్కొక్కరే. పిండిగిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టినామె కూడా మనవరాలు పుట్టినప్పుడు వచ్చింది. పోయింది ఈవిడ. పాతదేదీ ఎత్తలా.

మావయ్య చాలా ఏళ్ళు బతికి గుండెపోటుతో పోయాడు, ఆ జబ్బుతో కాదు. పెట్టెలో పెట్టబోయే ముందు అత్త అందర్నీ కాసేపు బయటికి పొమ్మంది. తలుపు సందులోంచి మాట వినపడతా ఉంది మాకు. "ఇప్పుడు బొటనేలు మీదున్నా. ఇప్పుడు మడమ దగ్గరికొచ్చా." మా నాన్న అరుగు మీద కూలబడిపోయాడు.

ఆ తర్వాత ఒకసారి పోయా నేను, ఆమెని నందిగామ మా ఇంటికి తెచ్చుకుందామని. రానంది. గడప దిగి నీళ్ళ బిందె తీసుకోబోతుంటే చూశా ఆమె కాళ్ళు. మడమలు రెండూ నెర్రెలిచ్చిన పొలంలాగా ఉన్నాయమ్మా. ఒక పగుల్లోంచి నెత్తురు కారతా ఉంది. అన్నేళ్ళూ ఇంటికి పోయా, అన్నం తిన్నా, ఎవరం చూశామని ఆమె కాళ్ళకేసి. "ఇదేందత్తా, ఊరందరికీ రాస్తావ్, నీకు రాసుకోవా" అన్నా. ఆమె కిందకి చూసుకుంది, ఏదో కొత్తగా చూసినట్టు. "నాకు నొప్పి తెలుస్తందిగా రా జయరాజూ. నొప్పి తెలిసే కాళ్ళకి ఏం కాదులే" అంది.

అంది, బిందెత్తుకుని లోపలికి పోయింది.

...

బయట ఎవరో పిలుస్తున్నట్టుంది, చూడమ్మా.