మంగళవారం కేకు శిక్ష

సభకు అధ్యక్షత వహిస్తున్న మా మేనేజర్ విబెకె గారికి, నేనింకా నోరు తెరవకముందే వైను గ్లాసులు ఖాళీ చేసేసిన ముందు వరస పెద్దలకు, వెనక వరస మిత్రులకు, అందరినీ మించి, ఇన్నేళ్లుగా ఈ ఊరి వీధి దీపాలను వేళకి ఆర్పిస్తూ తన కంప్యూటర్‌ను మాత్రం ఏనాడూ ఆర్పకుండా ఈరోజు రిటైరవుతున్న ఐనార్ గారికి నమస్కారం. (నవ్వులు)

నేను ఈ ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే పిల్లని. పేరు మారెన్. పేరెందుకు చెబుతున్నానంటే, మీలో సగం మందికి నేను "అమ్మాయ్, మళ్లీ పోయింది" అంటే పరిగెత్తుకొచ్చేదాన్ననే తెలుసు. ఏం పోయిందండీ అంటే "అంతా పోయింది" అంటారు. తీరా వెళ్లి చూస్తే వైరు ఊడి ఉంటుంది. ప్రెబెన్ గారూ, తల దించుకోకండి, మీ పేరు చెప్పనని మాటిచ్చానుగా! (నవ్వులు)

ఈ సాయంత్రం నాలుగింటికి రూలు ప్రకారం ఐనార్ గారి ఎకౌంటు నేనే మూసెయ్యాలి. వారం నుంచీ చేతులాడటం లేదు. నిజానికి ఎగిరి గంతెయ్యాలి. ఎందుకంటే ఈయనతో మాట్లాడటం ఇలా ఉంటుంది:

"స్క్రీన్ మీద ఏదో డబ్బా వచ్చిందమ్మాయ్."

"అందులో ఏం రాసుంది?"

"ఏమో, మూసేశాను."

"చదవకుండానా?"

"నాకు రాసింది కాదు కదా, చదవడం మర్యాదేనా?"

మీరంతా కాఫీకి లేచినప్పుడల్లా స్క్రీన్లు బార్లా తెరిచి పోతుంటే, చెప్పీ చెప్పీ గొంతరిగి చివరికి ఒక శిక్ష పెట్టాను. స్క్రీన్ లాక్ చెయ్యకుండా లేచినవాళ్ల కుర్చీలో ఎవరైనా కూర్చుని, వాళ్ల పేరు మీదే "రేపు అందరికీ కేకు తెస్తాను" అని ఆఫీసంతటికీ మెయిల్ కొట్టొచ్చు. సిగ్గుపడైనా మారతారనుకున్నా. అందరూ మారారు, ఈయన తప్ప. ప్రతి సోమవారం స్క్రీన్ తెరిచే ఉండేది. ప్రతి మంగళవారం, పైన కొబ్బరీ పాకమూ పోసి కాల్చిన కేకు వచ్చేది.

ఇలా కాదని, నిమిషం పాటు ముట్టుకోకపోతే దానంతటదే లాక్ అయ్యేలా పెట్టాను. మరుసటి సోమవారం చూద్దును కదా, కుర్చీ ఖాళీ, స్క్రీన్ దేదీప్యమానం, మౌస్ కింద ఈయన చేతి గడియారం! సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్, పాపం, తననెవరో కదుపుతున్నారనుకుంటోంది. అదే మౌస్‌ని తిరగేసి పట్టుకుని "బాణం నా మాట వినట్లేదమ్మాయ్" అని నన్ను మెట్లెక్కించిన మనిషికి ఈ తెలివెక్కడిది?

"ఎవరు నేర్పారు?" అని నిలదీశాను.

"చచ్చినా చెప్పను. ఆవిడ మేనేజరు." (నవ్వులు. విబెకె గారు గ్లాసు వెనక దాక్కున్నారు)

మండిపోతూ ఆవిడ గదిలోకి దూసుకెళ్లాను. "కూర్చో పిల్లా," అన్నారు. "భార్య పోయినా ఆయన ఆ కేకు చెయ్యడం మానలేదు. ఒక్కడే తినలేడు. 'కేకు చేశాను, తినండి' అనడానికి నోరు రాదు. మన ఊళ్లో ఎవరికొస్తుంది గనక, సొంత డప్పు కొట్టుకున్నట్టుంటుంది కదా! శిక్షయితే తలొంచుకుని తెచ్చిపెట్టొచ్చు. నువ్వా శిక్ష ఎత్తేశావో, చూడు మరి."

ఐనార్ గారూ, అలా చూడకండి. ఇది రహస్యమని మీరొక్కరే అనుకుంటున్నారు.



మరి ఎకౌంటు మూసేస్తే స్క్రీన్ లేదు, స్క్రీన్ లేకపోతే శిక్ష లేదు. శిక్షే లేకపోతే మంగళవారం ఆ కేకుని ఎదురుగా పెట్టుకుని ఈయన ఏం చేస్తారు? పొద్దున అడిగేశాను.

"తీరం నిండా బాతులున్నాయిగా అమ్మాయ్," అన్నారు.

బాతులకా! ఆ కేకా!

మీరంతా కలిసి ఆయనకి గేలం కొనిచ్చారు, సంతోషం. నా వంతు కానుక ఈ పెట్టెలో ఉంది. ఐనార్ గారూ, ఇది మన స్టోర్‌రూంలో ఉన్నవాటన్నిటిలోకీ పనికిమాలిన కంప్యూటరు. స్వయంగా ఏరాను. వారానికోసారి తప్పకుండా చెడిపోతుందని నాదీ పూచీ. మంగళవారం మంగళవారం మీ ఇంటికొచ్చి బాగుచేస్తాను. వైరు పట్టుకోవడానికి ప్రెబెన్ గారొస్తారు, తప్పుడు సలహాలివ్వడానికి విబెకె గారొస్తారు.

ఏమిటండీ? "దాంతో నేనేం చేసుకోను" అంటున్నారు. ఏమీ చేసుకోకండి, అసలు ముట్టుకోకండి. ఖర్మకాలి అది బాగానే పనిచేస్తే వెంటనే ఫోన్ చెయ్యండి, వచ్చి పాడుచేస్తాను. (నవ్వులు)

మళ్లీ ఏమిటి? "ఎంతమందొస్తారు" అని అడుగుతున్నారు. ఏదీ, వచ్చేవాళ్లు చేతులెత్తండి... ఐనార్ గారూ, వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. గబగబా లెక్కెయ్యకండి, నిదానంగా చూడండి. మీరు పెద్ద ట్రే కొనుక్కోవాల్సి వచ్చేట్టుంది.

ఇంతసేపు నా వాగుడు భరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాలుగవుతోంది, వెళ్లి ఆ ఎకౌంటు మూసేసొస్తాను. సెలవు.