కొళాయి కట్టేశాక

వదినా, నేను ఇంతవరకూ ఏదీ రాసి ఎరగను. సరుకుల చీటీ కూడా మీ తమ్ముడే రాస్తారు, నేను పక్కన నిలబడి చెబుతాను. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది. అక్షరాలు వంకరగా వస్తే నవ్వుకోండి. అసలు మీరు నవ్వితే అంతే చాలు నాకు. గోడ దగ్గరికి రావడమే మానేస్తే ఎలా చెప్పండి? ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తినా నాకు మాట పెగలదనుకోండి, అది వేరే సంగతి.

మా గేటుకి పసుపు పట్టీ కట్టారు కదా. మేం దాటకూడదు, మా చెప్పులు దాటకూడదు, చివరికి ఈ కాగితం కూడా దాటకూడదట! ఫొటో తీసి మీకు పంపుతానన్నారు మీ తమ్ముడు. చదివి పంపుతారో, చదవకుండా పంపుతారో. చదివితే చదవనీండి. ఆయన గురించి కూడా ఉంది ఇందులో.

ముందు ఆ రోజు సంగతి చెప్పనివ్వండి. మధ్యలో అడ్డుపడకండి. ఎలా పడతార్లెండి, కాగితం కదా! రాయడంలో ఈ సుఖం ఒకటుంది.

గాలికుంటు జబ్బు మా మేకల దొడ్లోకి వచ్చేసిందని తేల్చారు. నోళ్ళలో పుండ్లు, కాళ్ళు కుంటడం. రోడ్డుకి ఇటు పక్కన జబ్బున్నదైనా లేనిదైనా ఒక్క మేక మిగలకూడదు, అప్పుడే అటు పక్క మీవి దక్కుతాయి. పశువుల డాక్టరమ్మ మీకూ ఇదే చెప్పిందిగా? నాకూ చెప్పింది. అర్థమయ్యేలాగే చెప్పింది. అర్థం కాలేదని నేననను.

అర్థమయ్యే దాచాను.

వకీలమ్మని. దానికి ఆ పేరు పెట్టింది మీరే కదా! నేనొక మాటంటే అదొక మాట. "తిన్నావా?" అంటే "మే". "ఇంకా కావాలా?" అంటే ఇంకా గట్టిగా. "దీన్ని కోర్టుకి పంపవే, ఒక్క కేసూ ఓడిపోదు" అనేవారు. మీ ఇంట్లో అందరికీ నేను నోట్లో నాలుక లేని కోడల్ని. దానితో మాత్రం పొద్దస్తమానం వాగేదాన్ని వదినా. పాలు పితుకుతూ, గడ్డి కోస్తూ, మీ మీద చాడీలు కూడా చెప్పాను. అన్నిటికీ జవాబిచ్చేది.

దాని కాళ్ళు బాగున్నాయి. నోరు బాగుంది. ఆ పొద్దున కూడా గడ్డి కరకరా నమిలింది. బాగున్నదాన్ని ఎందుకివ్వాలి అనుకున్నాను.

డాక్టరమ్మ వాళ్ళ బండి చప్పుడు వినబడగానే స్నానాలగదిలోకి తోసి గెడ పెట్టాను. అది ఊరుకునే రకమా? అరుస్తుంది, నీళ్ళ మోతలో కలిసిపోతుందిలే అని కొళాయి పూర్తిగా తిప్పి వదిలేశాను.

డాక్టరమ్మకి కళ్ళు తప్ప ఒళ్ళంతా తెల్లటి బట్టే. "మీరు లోపలికెళ్ళి కూర్చోండమ్మా, చూడలేరు" అంటుందనుకున్నాను. అనలేదు. "మీరు పట్టుకుంటే బెదరవు. మేం పట్టుకుంటే భయంతో పోతాయి. బలవంతం లేదమ్మా, మీ ఇష్టం" అంది. అరిచి ఉంటే తలుపేసుకుని కూర్చునేదాన్ని. అంత మెల్లగా అడిగితే ఎక్కడికి పోతాను?

పట్టుకున్నాను. ఒకదాన్ని చూసి ఇంకొకటి బెదరకుండా పరదా కట్టారు. ఒక్కోదాన్నీ నేనే నడిపించుకెళ్ళాను. నా వెనక రావడం వాటికి అలవాటేగా, వచ్చేశాయి. ముందు మత్తు సూది. నోట్లో ఆకు ఉండగానే మోకాళ్ళు మడిచేది, తల నా ఒళ్ళోకి వాలేది. తర్వాత రెండో సూది. డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి వినేది, కనుగుడ్డు మీద వేలు ఆనించి చూసేది, "అయిపోయిందమ్మా, దానికి తెలీలేదు" అనేది. ప్రతిదానికీ అనేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు, తొందరపడలేదు.

నిజంగానే వాటికి తెలీలేదు వదినా. నాకు కష్టమైందే అది. కోపం పెట్టుకోవడానికి ఎక్కడా చోటు దొరకలేదు.

చివర్లో అడిగింది, "ఇంకేం లేవుగా అమ్మా?" అని. తల అడ్డంగా ఊపాను. నమ్మేసింది. మాట్లాడని మనిషి అబద్ధమాడదని అందరికీ ఓ నమ్మకం. నోరు మెదపకుండా కూడా ఆడొచ్చు. ఎంత తేలికో!

అంతసేపూ వకీలమ్మ గొంతెత్తలేదు, తెలుసా? ఒక్క "మే" కూడా లేదు. ఆ కొళాయి ఒట్టి పుణ్యానికి పారింది.

వాళ్ళు వెళ్ళిపోయాక సున్నం చల్లిన దొడ్లో నిలబడ్డాను. మీరు రోడ్డవతల గోడ మీంచి కేకేశారు, "ఏమే, అన్నీ అయిపోయాయా?" అని. "ఆఁ" అన్నాను. నా మొహం ఎలా కనిపించిందో ఏమో, నన్ను నవ్విద్దామని, "మీ కాలవేంటే ఇలా పొంగుతోంది? మా తమ్ముడు గానీ స్నానం చేస్తున్నాడా? ఇక వానలు పడ్డట్టే!" అన్నారు. "నాకు తొట్టి నింపే పని తప్పింది. నా మేకలన్నీ తూము దగ్గర మూతులు పెట్టేశాయి" అన్నారు.

నవ్వాను కూడా. ఆ నవ్వు పూర్తయ్యేలోపే తట్టింది, అవి వకీలమ్మ కాళ్ళు కడిగిన నీళ్ళు. మా స్నానాలగది నీళ్ళు రోడ్డు కింద తూములోంచి మీ వైపు వస్తాయని నాకు తెలీదా? కాపురానికి వచ్చినప్పట్నించీ ఆ కాలవలో చెత్త ఎత్తుతున్నది నేనేగా!

పరుగెత్తి కొళాయి కట్టేశాను. వకీలమ్మ ఒక ముందుకాలు గాల్లోనే పెట్టుకుని నిలబడింది. పెదవి ఎత్తి చూశాను. చిగురు మీద బొబ్బ. చిన్నదే, కందిగింజంత.

తూములో పాత చీరలు కుక్కాను. "వదినా, మేకల్ని అవతలకి తోలండి" అని అరవాలి అప్పుడే. గోడదాకా వచ్చాను. మీరు లోపలికి వెళ్ళిపోయారు. పోనీలే, అనుకున్నాను. మిగతావి క్షమించినా ఆ పోనీలేని మాత్రం క్షమించకండి.

సాయంత్రం మీ తమ్ముడికి చెప్పాను. ఆయనకి ముందే తెలుసట! స్నానాలగది గడప దగ్గర పెంటికలు చూశారట. "చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే అక్క మేకలు పోతాయి. నీ ఇష్టం" అని టీవీ వైపు తిరిగిపోయారు. డాక్టరమ్మా నా ఇష్టమే అంది, ఈయనా నా ఇష్టమే. నాలుగు వైపులా గోడ కట్టేసి నీ ఇష్టం అంటారేంటి వదినా! అంతకుముందు ఎప్పుడైనా ఎవరైనా అడిగారా నా ఇష్టం?

మర్నాడు పొద్దున్నే ఫోను చేశాను. నేనే. డాక్టరమ్మ "హలో, హలో" అంటూనే ఉంది. పెట్టేయబోయింది. "ఇంకొకటుంది" అన్నాను. "నీళ్ళు వదినగారి వైపు పోయాయి" అన్నాను. ఎంతసేపు పారాయో అడిగింది, చెప్పాను. తర్వాత, "ముందు ఆవిడ దగ్గరికెళ్ళి వస్తానమ్మా. మీ దొడ్లో కాలు పెట్టాక అటు వెళ్ళకూడదు" అంది. డాక్టరమ్మ నోటితో మీకు తెలిసింది అలాగే. మీ మేకలకీ సోకిందో లేదో తేలేదాకా మీ గేటుకి కూడా పట్టీ పడింది.

ఆ తర్వాత మా వైపు వచ్చింది. తిడుతుందని చూశాను. "పట్టుకుంటారా?" అంది, అంతే.

ఎండ మొహాన పడగానే వకీలమ్మ మొదలుపెట్టింది. ముందురోజుదంతా దాచుకుందేమో, దొడ్డి పొడుగునా ఒకటే అరుపు. మీరు గోడ దగ్గరే నిలబడి ఉన్నారు. నేను చూశాను.

పరదా వెనక కూర్చుని తల ఒళ్ళో పెట్టుకున్నాను. డాక్టరమ్మ ముందే, మీ తమ్ముడి ముందే, సిగ్గు వదిలేసి మాట్లాడాను. "తిన్నావా?" అంటే "మే" అంది. "కాలు నొప్పా?" అంటే "మే" అంది. సూది పడింది. తల బరువైంది.

"నిన్న ఎందుకు అరవలేదే?" అన్నాను. "ఒక్కసారి అరిచి ఉంటే నిన్ననే దొరికిపోయేదాన్ని కదే!"

జవాబు రాలేదు. మళ్ళీ అడిగాను.