పెడలు మీద కాలు

సైకిల్ పందేలవాళ్ళ ఒంటి సత్తువ కొలిచే ప్రయోగశాల. అక్కడ పరీక్షలు చేసే మేడమ్ తనొక్కణ్ణే లోపలికి పిలిచి మాట్లాడి పంపాక, సైకిల్ రిపేరు కొట్టు మామయ్య నడవాలోని బల్ల మీద మేనల్లుడి పక్కన వచ్చి కూలబడ్డాడు.

“చెవికున్న ఆ దూది తీసెయ్‌రా. పరీక్షకి సూది గుచ్చిన చోట రక్తం ఎప్పుడో ఆగిపోయింది.”

“దూది సంగతి తర్వాత. మేడమ్ ఏమంది?”

“ఏమంటుంది? నీళ్ళు బాగా తాగమంది.”

“దానికి నిన్ను లోపలికి పిలిచి తలుపేసుకోవాలా?”

“చదువుకున్నోళ్ళు అంతేలే. మంచినీళ్ళ మాట కూడా తలుపేసే చెబుతారు.”

“మామయ్యా.”

“ఊఁ.”

“ఆదివారం సెలక్షన్‌కి పనికొస్తానా, రానా? వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. టీములోకి తీసుకుంటే తీసుకున్నట్టు, లేదంటే నీ కొట్టులో పంచర్లే నాకు.”

“పంచర్లకేం తక్కువరా? నిన్ను మోసింది ఆ పంచర్లేగా.”

“మాట తప్పించకు.”

“మన మీటరు తప్పు చూపిస్తోందట.”

“ఏది, పెడలు బలం కొలిచేదా?”

“అదే. వాళ్ళ యంత్రంతో పోల్చి చూసిందట. ఇన్నాళ్ళూ తక్కువ చూపించిందట.”

“తక్కువా? అంటే నేను తొక్కింది ఎక్కువ, అది చూపించింది తక్కువా?”

“అంతే.”

“ఓరి దేవుడా! దానికి మొహం అలా వేలాడేసుకున్నావేంటి? మరి, ఏడాది మొదట్లో నెంబరు చాల్లేదని కోచ్ నన్ను పక్కన పెట్టాడే, అప్పుడు...”

“చాలిందట. అప్పటికే ఉందట నీకు.”

“చూశావా! పద, కోచ్ దగ్గరికి పోదాం. మేడమ్‌నే ఫోన్లో చెప్పమందాం. లే.”

“కూర్చో.”

“కూర్చోవడమేంటి మామయ్యా, లే...”

“కూర్చోమన్నానా! పోయి ఏం చెబుతాం? అప్పట్లో ఉండేదండీ అనా? ఇప్పుడు తొక్కి చూపించమంటాడు.”

“చూపిస్తా.”

“ఇందాక చూపించావుగా, మూతికి గొట్టం కట్టుకుని. వాళ్ళ సైకిలు అబద్ధం చెప్పదు. మన దొంగ మీటరు అప్పట్లో తగ్గించి చూపించిన నెంబరుందే, ఇవాళ నువ్వు దాన్ని కూడా అందుకోలేదు.”

“ఇవాళ... ఇవాళ కాళ్ళు బాలేవు.”

“ఇవాళొక్కటే కాదట. ఒళ్ళు లోపల్నించే అరిగిపోయిందట. కోచ్ ఫోన్లో పంపేవాడు కదా, ఈ రోజు మెల్లగా ఇంత, రేపు గట్టిగా అంత అని. మీటరు తక్కువ చూపిస్తుంటే, ఆ మెల్లగా తొక్కే రోజు నెంబరు రావడానికే నువ్వు గట్టిగా తొక్కావు. గట్టిగా తొక్కే రోజు ప్రాణం పెట్టి తొక్కావు. ఒళ్ళు కోలుకునే రోజన్నదే లేకుండా పోయింది. ఇప్పుడు గుండె కూడా మొండికేసిందట. ఎంత తొక్కినా దాని వేగం పెరగట్లేదట.”

“కొన్నాళ్ళు సైకిలు ముట్టుకోకపోతే మళ్ళీ వస్తుందిగా?”

“కొందరికి వస్తుందట.”

“మిగతావాళ్ళకి?”

“నీళ్ళు తాగరా.”

“మిగతావాళ్ళకి, మామయ్యా?”

“ఆ దూది ఇటివ్వు, పారేస్తాను.”

“సరేలే. మన మీటరు కొత్తదేగా, దానికేం రోగమొచ్చింది?”

“దానికే రోగమూ లేదు. పొద్దున్నే బయల్దేరే ముందు బొత్తాం నొక్కి మీటర్ని సున్నాకి తెచ్చేవాణ్ణి చూడు, అప్పుడు పెడలు మీద బరువు ఉండకూడదట.”

“నేను ఎక్కేసి, బ్రేకు పట్టుకుని, పెడలు మీద కాలు మోపి ఉండేవాణ్ణి కదా.”

“నేనే ఉండమనేవాణ్ణి, దిగి మళ్ళీ ఎక్కడం దండగని. నీ కాలి బరువునే అది సున్నా అనుకుందట. రోజూ నీ బలంలో అంత ముక్క మింగేసింది.”

“నువ్వేమో వెనకాల స్కూటరు మీంచి అరుపులు. నెంబరు రావట్లేదు, సోమరిపోతా, తొక్కరా అని.”

“అరిచాను. సున్నా గురించి నాకేం తెలుసురా? లెక్కల మాస్టారు నా పలక మీద వేసిందొక్కటే తెలుసు, దాంతోనే బడి మానేశాను. గాలి కొట్టి, చైనుకు నూనె వేసి బతికేవాడి చేతిలో సైన్సు పెట్టారు. అమ్మినోడు చెప్పాడా? కోచ్ చెప్పాడా? ఈమె ఇప్పుడు చెబుతోంది తీరిగ్గా, అంతా అయ్యాక. మా అక్కకి ఏం మొహం పెట్టుకుని చెప్పను?”

“అరవకు. లోపలికి వినబడుతుంది.”

“విననీ! నీ ఒళ్ళు పాడవుతోందని ఒక్కడంటే ఒక్కడు చెప్పుంటే అప్పుడే ఆపించేవాణ్ణి కాదూ? చెప్పాడా, ఒక్కడైనా?”

“నేను చెప్పాను మామయ్యా. రోజూ.”