ముందే తీసిన కంచం

నాంచారమ్మని ఉండేదంట చీరాల పక్కన. మగ్గం మీద కూర్చుందంటే ఆ ఊళ్లో ఎవరూ సరిరారు. ఆమెకి కవలలు పుట్టారు. మగ్గం దిగితే ఇల్లు గడవదు, పిల్లల్ని వదిలితే మనసొప్పదు. అందుకని పిల్లల్ని ఆడించటానికి ఆదెమ్మని ఇంట్లోనే పెట్టుకుంది. ఒప్పందం ఏందనుకున్నారు? ఆదెమ్మకి అక్కడే పడక, అక్కడే తిండి. వంట మాత్రం ఒకరోజు నాంచారమ్మది, ఒకరోజు ఆదెమ్మది. వినటానికి బానే ఉంది కదా. ఏమైందంటే, ఆ ఇంట్లో మగాళ్లు నలుగురు. మొగుడు పున్నయ్య, మామ, ఇద్దరు మరుదులు. వాళ్లు ముందు కూర్చునేవాళ్లు. వాళ్లు లేచేసరికి కూర గిన్నె తోమినట్టు తళతళలాడతా ఉండేదంట. ఎవరు వండినా అంతే అనుకో. ఆదెమ్మ నెల రోజులు మజ్జిగనీళ్లు పోసుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుని తింది. ఇద్దరు పిల్లల్ని చంకనేసుకు తిరగాలాయె. ఉంటే పడిపోయేట్టుంది, పోదామంటే ఆ పిల్లల మీద ప్రాణం. మీరైతే ఏడుస్తా కూర్చుంటారు. ఆదెమ్మ అట్టాంటిది కాదు.

తన వంట రోజున వంకాయల్లో ఎండు మెత్తళ్లు, అదే చిన్న ఎండుచేపలు, వేసి వండింది. దించీ దించంగానే ఒక కంచంలో అన్నం పెట్టి, మంచి మంచి ముక్కలు ఏరి కూర వేసి, మూత పెట్టి పక్కనుంచింది. నాంచారమ్మ మగ్గం దిగొచ్చి అది చూసి ఒంటికాలి మీద లేచిందంట. మగాళ్లు తినకముందే నీకు తీసుకుంటావా, ఎంత పొగరే నీకు, మూట సర్దుకో అని. ఆదెమ్మ గొంతు లేపలా. "అది నాది కాదక్కా, నీది. నా వంట రోజు నీకు నేను తీసిపెడతా. నీ వంట రోజు నాకు నువ్వు తీసిపెట్టు. కుదరదంటావా, ఇప్పుడే మూట కట్టుకుంటా" అంది. నాంచారమ్మ ఆ ఇంటికొచ్చి పన్నెండేళ్లు, ఒక్కరంటే ఒక్కరు ఆమెకని కంచం తీసిన పాపాన పోలా. అది తల్చుకోంగానే దుఃఖం పొంగుకొచ్చిందంట. అక్కడే చతికిలబడి, కళ్లు తుడుచుకుంటా వేడివేడిగా తింది.

ఇంక ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరికొకరు తీసిపెట్టుకోటమే. వారం తిరక్కుండా పున్నయ్య, నాకు కూర చాలటంలేదేందే అని కసురుకున్నాడంట. నాంచారమ్మ తగ్గలా. "వంటలో వంతున్నోళ్లకే కంచం తీస్తాం. రేపు నువ్వు వండు, ఎల్లుండి నీకూ తీస్తాం" అంది. వండాడా అంటారా? వండాడు, ఆకలేస్తే ఏం చేస్తాడు! పప్పు మాడగొట్టాడనుకో. అయినా అందరికన్నా ముందు రెండు కంచాలు తీసిపెట్టాడంట. నవ్వుతావేందమ్మా, ఆ మూలనున్నదానివి? నిన్న మీ ఇంట్లో మగాళ్లు తిని లేచాక నువ్వు దేంతో తిన్నావో చెప్పు ముందు.