డ్రమ్ములో పుచ్చకాయ

ఈరోజు ఇంట్లో అమ్మ, అన్న వాళ్ల ఐదేళ్ల పాప, నేను ఉన్నాం. అన్నావదినలు నాచారంలో ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లారు. నేను వంటగదిలో గిన్నెలు తోముతుంటే, పెరట్లో అమ్మ పండ్లు కడుగుతున్న నీళ్ల డ్రమ్ము దగ్గర మాటలు వినిపించాయి.

“నా వక్కల డబ్బా నీళ్లల్ల ఎందుకేసినవే?”

“మునుగుతదా, తేలుతదా సూసిన నానమ్మా. టీవీ పాఠంల బొమ్మక్క జెప్పింది.”

“వక్కలన్నీ నానినయ్! రేపటి సంది టీవీ బంద్.”

“వద్దు నానమ్మా! నాకు మస్తు ఎరుకైతున్నయ్.”

“ఏం ఎరుకైనయే? గీ ద్రాక్షపండు ఏస్తే ఏమైతది?”

“మునుగుతది.”

“అవ్, మునిగింది. మరి గీ పుచ్చకాయ?”

“తేలుతది.”

“పిచ్చిదానా! గింతంత ద్రాక్షే మునిగితే గంత బరువు కాయ తేలుతదా? తేలితే రోజూ టీవీ సూడు. మునిగితే బంద్!”

“ఎయ్యి మరి!”

ధబ్బుమని చప్పుడైంది.

“ఓయమ్మో! తేలిందే!”

“గెలిచిన! గెలిచిన!”

“దునకకే, జారి పడతవ్. అయితే గిది ఎట్ల తేలిందే?”

“బొమ్మక్క జెప్తది. గిప్పుడే వస్తది.”

“పా పా, జల్ది పెట్టు టీవీ.”

నేను చేతులు తుడుచుకుని ముందుగది తలుపు తీసేసరికి ఇద్దరూ టీవీకి అతుక్కుపోయి కూర్చున్నారు.

“టీవీ మీద ఎలుగు పడి బొమ్మ కనవడ్తలే!” అంటూ అమ్మ లేచొచ్చి, నా ముఖం మీదే తలుపు వేసేసింది.